ఆ పేర్లు ఎవరికి కావాలి

గ్రాంటు వచ్చేదాకా మా సంస్థలో ఎవరినీ ఎవరూ అనుమానించలేదు. అనుమానించేంత సంగతి మా దగ్గర ఏదీ లేదు. అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఒక డెంటల్ క్లినిక్ పైఅంతస్తులో చిన్న గది, రెండు టేబుళ్లు, ఎవరో ఇల్లు మారుతూ వదిలేసిన సోఫా, ఒక ఫోను. ఆ ఫోనుకి మన ఆడవాళ్లు చేస్తుంటారు. కొందరు ఏడుస్తారు. కొందరు హలో అనగానే పెట్టేస్తారు. కొందరు "మా ఫ్రెండ్ కోసం అడుగుతున్నానండీ" అని మొదలుపెట్టి, కాసేపటికి ఫ్రెండ్ మాట మరిచిపోయి "నన్ను" అనేస్తారు. మొగుడు కొట్టినవాళ్లు, పాస్‌పోర్టు దాచేసినవాళ్లు, డిపెండెంట్ వీసా మీద వచ్చి బస్సు టికెట్టుకు కూడా చెయ్యి చాచాల్సినవాళ్లు.

సంస్థ పెట్టింది అక్క. గుంటూరు నుంచి చాలా ఏళ్ల కిందట వచ్చి, ఇక్కడి హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరయింది. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అక్క అనే పిలుస్తారు. నేను ఖమ్మం నుంచి వచ్చాను, సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. డెవలపర్ "పని చేస్తోంది" అంటే నమ్మకపోవడమే నా ఉద్యోగం. "ఆఫీసులో అలవాటైన అనుమానం ఇంటిక్కూడా తెస్తున్నావ్" అని మా ఆయన అంటుంటాడు. నిజమే కావచ్చు.

గ్రాంటు ఆలోచన తెచ్చింది మా బోర్డులో కొత్తగా చేరిన ఒకాయన. ఆయనకు కన్సల్టెన్సీ ఉంది. ఇండియా నుంచి ఇంజనీర్లను తెచ్చి ఇక్కడి కంపెనీల్లో ప్రాజెక్టులకు పెడతాడు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఫంక్షన్ ఏదైనా బ్యానర్ మీద ఆయన కంపెనీ పేరుంటుంది. పెద్దవాళ్లు కనబడితే వంగి కాళ్లకు దణ్ణం పెడతాడు. ఆడవాళ్లందరినీ "అమ్మా" అంటాడు. మేం దీపావళికి పులిహోర, గారెలు అమ్మి ఆ డబ్బుతో ఏడాదంతా నెట్టుకొస్తున్నామని తెలిసి నిజంగానే బాధపడ్డాడు.

"పులిహోర అమ్ముకుంటూ ఎన్నాళ్లు నడుపుతారక్కా? ఇక్కడ ఫౌండేషన్లు ఉన్నాయి. ఇవ్వడానికే ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు" అన్నాడు.

రిచ్‌మండ్ వైపు ఒక పాత కుటుంబానికి ఫౌండేషన్ ఉందని, అందులో ఒక ట్రస్టీతో తనకు పరిచయం ఉందని చెప్పాడు. అప్లికేషన్ రాసే పని నా మీద పడింది. డాక్యుమెంట్లు చదవడం నాకు అలవాటేగా అన్నారు.

మొదటి చిత్తుప్రతి అక్క రాసింది. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. కానీ ఫౌండేషన్ వాళ్ల సూచనలు చూస్తే కన్నీళ్లకు ఎక్కడా చోటు లేదు. ఎవరికి సాయం చేస్తారు, ఏం చేస్తారు, ఎన్ని నెలల్లో, ఎంతకు, చేశారని ఎలా తెలుస్తుంది, మేం ఆపేశాక ఎలా నడుపుతారు. ఇవీ వాళ్లకు కావలసినవి. ఇంటి నుంచి బయటికొచ్చిన ఆడవాళ్లకు మొదటి కొన్ని నెలల అద్దె, లాయరు ఫీజు, అంతే అడిగాం. అంతకుమించి ఆశపడొద్దని అక్కకు గట్టిగా చెప్పాను. చేయగలిగింది అడిగితే ఇస్తారు, చేయలేనిది అడిగితే ఇచ్చాక ఇరుక్కుంటాం.

గ్రాంటు వచ్చింది. రెండు విడతలుగా ఇస్తామన్నారు. దానితోపాటు అగ్రిమెంట్ కూడా వచ్చింది. దాన్ని మా బోర్డులో పూర్తిగా చదివింది నేనొక్కదాన్నే అనుకుంటాను. ఏ పనికని అడిగామో ఆ పనికే వాడాలి. ఒక ఖర్చు కింద రాసింది ఇంకో ఖర్చుకు మళ్లించాలంటే ముందే రాసి అడగాలి. బోర్డులో మార్పులొచ్చినా, సంస్థను ఇబ్బందిలో పెట్టేది ఏదైనా జరిగినా వెంటనే చెప్పాలి. బోర్డులో ఉన్న ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మనం సాయం చేసేవాళ్లతోగానీ, డబ్బు కట్టేవాళ్లతోగానీ మీకు, మీ కుటుంబానికి, మీ వ్యాపారానికి సంబంధం ఉంటే చెప్పాలి, ముందుముందు ఏర్పడినా అప్పుడు చెప్పాలి అని దాని సారాంశం.

కన్సల్టెన్సీ ఆయన దాన్ని చదవకుండానే సంతకం చేసి, "నాకు మీతో ఉన్న సంబంధం ప్రేమే కదమ్మా" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మొదటి విడత డబ్బు పడిన వారానికే ఆయన, విరాళాల కోసం పెట్టే గాలా డిన్నర్‌కి హాలు బుక్ చేద్దాం, అడ్వాన్సు గ్రాంటులోంచి కట్టేద్దాం, తర్వాత సర్దేద్దాం అన్నాడు.

"అది అద్దెలకి ఇచ్చిన డబ్బండీ" అన్నాను.

"మన డబ్బే కదమ్మా. ఇటు తీసి అటు పెడతాం."

"మన డబ్బు కాదండీ. వాళ్లది. మన దగ్గర ఉందంతే."

ఆయన పెద్దగా నవ్వి, "ఈ అమ్మాయిని ట్రెజరర్‌ని చెయ్యండక్కా, మనందర్నీ జైలుకి పోకుండా కాపాడుతుంది" అన్నాడు. ఆ నవ్వులో కోపం లేదు. అయినా ఆరోజు నుంచి ఆయన మాట్లాడేటప్పుడు నేను కాస్త జాగ్రత్తగా వినడం మొదలుపెట్టాను.

మా ఫైళ్లలో ఆడవాళ్ల పేర్లుండవు. అక్క పెట్టిన పద్ధతి అది. ఒక్కొక్కరికీ ఒక పువ్వు పేరు. సంపెంగ, మందారం, చేమంతి. అసలు పేరు అక్కకు, నాకు, లాయరుకు తెలుస్తుంది. ఆ ఇళ్లు ఎక్కడున్నాయో అక్కకూ నాకూ మాత్రమే తెలుసు. అద్దె సంస్థ పేరు మీదే కడతాం. ఫౌండేషన్‌కు పంపే రిపోర్టులో ఎంతమంది, ఏ ఖర్చు, రసీదు ఉందా లేదా అన్నంతవరకే.

అలా కొన్ని నెలలు సాఫీగా నడిచాక, ఒక బోర్డు మీటింగులో కన్సల్టెన్సీ ఆయన మామూలు మాటల్లో అన్నట్టు అన్నాడు. "ఫౌండేషన్ వాళ్లు వెరిఫికేషన్ అడుగుతున్నారు. ఎవరెవరికి ఇల్లిచ్చామో పేర్లు, అడ్రసులు కావాలట. నాకు పంపితే నేను ఫార్వర్డ్ చేస్తాను."

గదిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. "డబ్బిచ్చినవాళ్లు లెక్క అడుగుతారు కదా" అన్నారొకరు. అక్క నావైపు చూసింది.

"మెయిల్ వచ్చిందాండీ?" అని అడిగాను.

"ఫోన్‌లో చెప్పారమ్మా. వాళ్లతో నా రిలేషన్ అలాంటిది, అన్నిటికీ మెయిళ్లు ఉండవు."

"సరేనండీ, తయారు చేస్తాను" అన్నాను. చేసే ఉద్దేశం లేదు. టైమ్ కోసం అన్నాను.

ఇంటికొచ్చి అగ్రిమెంట్ మళ్లీ తీశాను. "ఖర్చులకు సంబంధించిన రికార్డులు అడిగినప్పుడు చూపించవలెను" అని ఒక వాక్యం ఉంది. పేర్లు కూడా రికార్డులే అని ఎవరైనా అంటే కాదనడానికి లేదు. అవునని అనడానికీ లేదు. మా ఆయనకు చూపించాను.

"ఇంత చిన్న విషయానికి అంత ఆలోచనెందుకు? ఆయనే తెచ్చిన గ్రాంటు. అడిగితే ఇచ్చెయ్" అన్నాడు.

"అడిగింది వాళ్లా, ఆయనా? అదే తెలీడం లేదు."

"నీకు అందరిమీదా అనుమానమే" అని తన లాప్‌టాప్ వైపు తిరిగాడు.

ఆ వారంలో కన్సల్టెన్సీ ఆయన నాకు ఆఫీసు టైములో ఫోన్ చేశాడు. లిస్టు ఎంతవరకు వచ్చిందమ్మా అన్నాడు. మర్నాడు మెసేజ్ పెట్టాడు. ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేసి, మాట కలుపుతున్నట్టు, "అందరినీ ఇక్కడే స్టెర్లింగ్ వైపే పెట్టారా, దూరంగా ఏమైనా పెట్టారా? పిల్లలున్నవాళ్లు స్కూలుకి ఎలా వెళ్తున్నారో పాపం" అన్నాడు.

పిల్లలున్నది అప్పుడు ఒక్కరికే. ఆ సంగతి బోర్డులో మేం ఎప్పుడూ చెప్పలేదు. లేక చెప్పామా? అక్క ఏదో మాటల్లో అని ఉంటుందా? ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచించాను.

ఆ పిల్ల ఉన్న అమ్మాయి మా ఫైళ్లలో చేమంతి. కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. నెమ్మదిగా మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు ఎప్పుడూ తలుపువైపు చూస్తుంటుంది. ఒక శనివారం మధ్యాహ్నం పాపకు చలికోటు తీసుకోవడానికి మా గదికి వచ్చింది. కోటు పాపకు కాస్త పెద్దదైంది, అక్క దాని చేతులు పైకి మడిచి చూస్తోంది. చేమంతి కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్‌లోకి చూస్తూ ఉన్నట్టుండి వెనక్కి జరిగింది.

"అక్కా, ఆయనిక్కడికెందుకొచ్చిండు?" అంది నాతో.

"ఎవరమ్మా?"

"గా తెల్లకారులకెల్లి దిగుతున్నాయన. మా ఆయన పనిచేసే కంపెనీ ఆయనదే. పాప బర్త్‌డేకి మా ఇంటికొచ్చిండు. గిఫ్ట్ కూడ తెచ్చిండు."

నేను కిటికీలోంచి చూశాను. కన్సల్టెన్సీ ఆయన. చేతిలో స్వీటు డబ్బా పట్టుకుని మెట్లవైపు వస్తున్నాడు.

అక్క అరక్షణం కూడా ఆలోచించలేదు. నర్సుగా పనిచేసిన మనిషి కదా. "వెనకమెట్లు" అని నాతో అంది, తను ముందు తలుపు దగ్గరికి వెళ్లింది. నేను పాపను ఎత్తుకుని, చేమంతి చెయ్యి పట్టుకుని డెంటిస్టు వాళ్ల స్టాఫ్ వాడుకునే మెట్లమీదుగా దిగాను. పైనుంచి అక్క గొంతు వినబడుతోంది. "రా తమ్ముడూ, కాఫీ పెడతాను, కూర్చో. ఏంటి, స్వీట్లు దేనికి?" ఆమె అంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

నా కారు వెనకవైపే ఉంది. పాప కోటు లేకుండానే వచ్చేసింది. హీటర్ పెట్టి బయల్దేరాక చేమంతి అడిగింది. "అక్కా, మీకు పైసలిచ్చేది ఆయనేనా?"

"కాదమ్మా. ఫౌండేషన్ వాళ్లు."

"ఫౌండేషన్ అంటే ఎవరు?"

నాకు తెలిసింది చెప్పబోయాను. ఎప్పుడో చనిపోయిన ఒక ధనవంతుడి డబ్బు, దాన్ని చూసుకునే మనుషులు, వాళ్లకు తెలిసిన మనుషులు. ఆ చివరి మాట దగ్గర నేనే ఆగిపోయాను.

"ఆయనకు నేనెక్కడున్నదీ తెల్సా?" అంది.

"తెలీదు" అన్నాను. అన్నాక, తెలీదని నాకెలా తెలుసు అనుకున్నాను.

సోమవారం లంచ్ టైములో ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని ఫౌండేషన్‌కు ఫోన్ చేశాను. మా గ్రాంటు చూసే ఆఫీసర్ ఒకామె ఉంది. నెమ్మదిగా, మాటలు ఏరి మాట్లాడే అమెరికన్ ఆమె. అప్పటిదాకా ఆమెతో నేను నేరుగా మాట్లాడలేదు, అంతా కన్సల్టెన్సీ ఆయన ద్వారానే జరిగేది. మీరు అడిగిన పేర్లు, అడ్రసులు ఏ రూపంలో పంపమంటారు అని అడిగాను. అలా అడిగితేనే అసలు సంగతి బయటికొస్తుందనిపించింది.

అవతల ఆమె కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "మేము పేర్లు అడగం. ఇలాంటి సంస్థల్ని అసలు అడగం. ఎవరైనా పొరపాటున పంపినా తెరవకుండా తీసేసి ఫోన్ చేస్తాం. మిమ్మల్ని ఎవరు అడిగారు?" అంది.

"మా వైపు ఏదో పొరపాటు జరిగినట్టుంది. కనుక్కుంటాను" అన్నాను.

"కనుక్కోండి" అంది. పెట్టేసే ముందు, "నాకు చెప్పండి కూడా" అంది.

ఆ రెండో మాటతో ఇంకో భయం పట్టుకుంది. ఈమె ఇప్పుడు ఆ ట్రస్టీకి చెప్తుందా? ట్రస్టీ కన్సల్టెన్సీ ఆయనకు చెప్తాడా? కన్సల్టెన్సీ ఆయన చేమంతి మొగుడికి చెప్తాడా? గొలుసులో ఒక లింకు తెలిసేసరికి మిగతావన్నీ ఉన్నట్టే అనిపించసాగాయి. ముందు చేమంతిని వేరే ఊళ్లోకి మార్చాలని అక్కా నేనూ ఆ సాయంత్రమే అనుకున్నాం.

ఆదివారం అక్క కన్సల్టెన్సీ ఆయన్ని తన ఇంటికి రమ్మంది. డైనింగ్ టేబుల్ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. అక్క ఇంట్లో కాఫీ ఇవ్వకుండా మాట మొదలవడం నేను చూసింది అదొక్కసారే.

"తమ్ముడూ, పేర్లు ఎవరడిగారు?" అంది అక్క.

"ఫౌండేషన్ అక్కా. చెప్పాను కదా."

"నేను వాళ్లతో మాట్లాడానండీ" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. ముఖంలో నవ్వు పోలేదు కానీ కళ్లు మారాయి. "నన్ను అడక్కుండా చేశావామ్మా?"

"అవునండీ."

చాలాసేపు టేబుల్ మీది గుడ్డ అంచు సరిచేస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. ఆ అబ్బాయి తన దగ్గర మూడు ప్రాజెక్టులు చేశాడని, పెళ్లాం పాపను తీసుకుని వెళ్లిపోయిందని రోజూ తన ఆఫీసు గదిలో కూర్చుని ఏడుస్తున్నాడని, క్లయింటు దగ్గర పని సరిగ్గా చేయడం లేదని ఫిర్యాదు వచ్చిందని.

"ఒక్కసారి మాట్లాడితే చాలు సర్ అని కాళ్లు పట్టుకున్నాడక్కా. నేను పెద్దమనిషిగా మధ్యలో కూర్చుంటే సర్దుకుంటారనుకున్నా. అలా నేను కలిపిన కాపురాలు ఉన్నాయి. ఇప్పుడు పిల్లల్తో హాయిగా ఉన్నారు."

"ఆ అమ్మాయి వచ్చినరోజు ఎడమచెయ్యి పైకెత్తలేకపోయింది" అంది అక్క. "జాకెట్ నేను తొడిగాను. హాస్పిటల్లో ఇన్నేళ్లు చేశాను తమ్ముడూ, జారిపడితే ఎలా తగులుతుందో, మెలిపెడితే ఎలా తగులుతుందో నాకు తెలుసు."

"అతను అలా చెప్పలేదక్కా."

"ఎలా చెప్తాడు?"

నేను అడిగాను. "మనం సాయం చేస్తున్నది అతని భార్యకే అని మీకు ఎప్పుడు తెలిసిందండీ? సంతకం పెట్టినప్పుడు తెలుసా?"

"అప్పుడు తెలీదు. తర్వాత అతను చెప్పిన తేదీలు, పాప వయసు చూసి అర్థమైంది."

"అర్థమైన రోజు చెప్పాలి కదండీ. ఆ కాగితంలో ఉన్నది అదే."

"కాగితాలు పట్టుకుని మనుషుల్ని నడపలేమమ్మా" అన్నాడు. విసుగు మొదటిసారి బయటపడింది.

"అడ్రసు తెలిస్తే అతనికి ఇచ్చేవారా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే, "ఇచ్చేవాణ్ణి కాదు" అని ఉంటే, బహుశా నమ్మేదాన్ని. "నేను వెంట వెళ్లేవాణ్ణి" అన్నాడు.

ఫౌండేషన్ అడిగిందన్నది అబద్ధమే కానీ, ఈ మాట అబద్ధమని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ కాపురం నిలబడాలని ఆయన మనస్ఫూర్తిగానే కోరుకున్నాడు. కాకపోతే ఒక ఇంజనీరు పని చేయకపోతే కన్సల్టెన్సీకి ఎంత నష్టమో కూడా నాకు తెలుసు. ఆయన్ని కదిలించింది ఆ అబ్బాయి కన్నీళ్లా, క్లయింటు ఫిర్యాదా, రెండూనా అన్నది ఆయనకైనా తెలుసో లేదో.

బోర్డు నుంచి తప్పుకుంటానని తనే అన్నాడు. గుమ్మం దగ్గర షూస్ వేసుకుంటూ, "ఆ గ్రాంటు నేను తెచ్చింది. అది గుర్తుపెట్టుకోండి" అన్నాడు. బెదిరింపో బాధో తెలియని గొంతుతో అన్నాడు.

తలుపు వేశాక అక్క వెళ్లి కాఫీ పెట్టింది. ఇద్దరం తాగుతుండగా నేను ఫౌండేషన్‌కు రాయాలన్నాను.

"ఆయన వెళ్లిపోయాడు కదా. ఇంకెందుకు?" అంది.

"బోర్డులో మార్పు వస్తే చెప్పాలక్కా. ఎందుకు వచ్చిందో అడుగుతారు."

"చెప్తే రెండో విడత ఆపేస్తారు. సంపెంగ అద్దె ఎవరు కడతారు? మందారం కేసు వచ్చే నెలలో ఉంది. మన ఇంటి గొడవ మనమే తీసుకెళ్లి వీధిలో పెట్టుకోవడం తప్ప దీనివల్ల ఎవరికి లాభం?"

ఆమె అన్నదాంట్లో తప్పులేదు. మా గదిలో సంతకాలు పెట్టినవాళ్లలో ఆ కాగితాన్ని నిజంగా పట్టించుకోవాల్సిన అవసరం వచ్చింది మా ఇద్దరికే. కప్పు ఖాళీ చేసి సింకులో పెట్టి, నీళ్లు తిప్పి, వెనక్కి తిరక్కుండానే అక్క అంది. "రాయి. ఇంట్లో జరిగింది బయట చెప్పొద్దు అని అన్నవాళ్ల దగ్గర్నుంచే కదా ఈ అమ్మాయిలు పారిపోయి వచ్చింది. మనం కూడా అదే మాట అంటే ఎలా?"

రాశాను. పేర్లు లేకుండా, ఎవరినీ తిట్టకుండా, జరిగింది జరిగినట్టు. చివర్లో, ఒకరిని వెంటనే వేరే ఊరికి మార్చాల్సి వస్తోంది, ఆ ఖర్చు బడ్జెట్‌లో లేదు, అద్దెకిచ్చిన దాంట్లోంచి వాడుకోవచ్చా అని అడిగాను. మర్నాడు సాయంత్రానికే జవాబు వచ్చింది. మార్చే ఖర్చుకు ఒప్పుకున్నారు. రెండో విడత మాత్రం పరిశీలన అయ్యేదాకా ఆపుతున్నామన్నారు. అక్క భయపడ్డట్టే అయింది. సంపెంగ అద్దెకు ఆ నెల అక్క తన పెన్షన్‌లోంచి ఇచ్చింది. అలా చేయొద్దని ఎంత చెప్పినా వినలేదు.

చేమంతిని ఎక్కడికి మార్చామో ఇక్కడ రాయను. పాపతో వెళ్తూ ఆమె ఒక్కమాటే అడిగింది. "ఈసారి ఎవరికీ తెల్వదు కదా అక్కా?" తెలీదన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలీదు. నా స్థానంలో ఉంటే నేనైతే నమ్మేదాన్ని కాదు.

కొన్ని వారాలకు ఫౌండేషన్ ఆఫీసర్ మా గది చూడ్డానికి వచ్చింది. పొడుగ్గా, తెల్లజుట్టుతో, స్నో బూట్లతో మెట్లెక్కి వచ్చింది. అక్క పెట్టిన టీ తాగింది. ఫైళ్లు చూపించమంది కానీ పువ్వుల పేర్ల కింద రాసినవి చదవకుండా రసీదులు మాత్రం ఒక్కొక్కటే తిప్పింది. ఆమె ప్రతి చూపులో నాకేదో కనబడుతోంది. ఇంత మర్యాదగా ఉంటున్నదంటే గ్రాంటు రద్దు చేయడానికే వచ్చిందనుకున్నాను.

ఉన్నట్టుండి అడిగింది. "ఆ పెద్దమనిషి వెళ్లిపోయాక ఈ గది తాళం మార్చారా?"

అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బోర్డులో అందరికీ ఒక్కో తాళంచెవి ఇచ్చాం. ఆయనది ఆయన దగ్గరే ఉంది. పాస్‌వర్డులు మార్చాను, మెయిల్ గ్రూపులోంచి తీశాను, అన్నీ చేశాను. తలుపు సంగతి తట్టలేదు.

"ఈరోజే మార్చండి" అంది. టీ కప్పు కింద పెట్టి నాతో అంది. "మీరు ఫోన్ చేసినరోజు పొరపాటు అన్నారు. పొరపాటు కాదని నాకు అప్పుడే అర్థమైంది. మీరు చెప్తారా, దాస్తారా అని చూశాను."

"చెప్పకపోతే?"

"మీ తర్వాతి రిపోర్టు దాకా ఆగేదాన్ని. ఆ తర్వాత ఆగేదాన్ని కాదు."

ఆ మాట విన్నాక ఆమె మీద నాకు గౌరవం కలిగింది. అన్నిరోజులూ నేను ఆమెను అనుమానిస్తున్నాననుకున్నాను, ఆమె నన్ను అనుమానిస్తోందని తోచలేదు. ఎదుటి మనిషిని మంచివాడు అనుకుని వదిలేస్తే ఏం జరుగుతుందో ఆమె చాలా సంస్థల్లో చూసి ఉంటుంది.

రెండో విడత వచ్చింది. సంపెంగ, మందారం ఇద్దరి అద్దెలూ నడిచాయి. మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేస్తే ఇవ్వలేదు. మా ప్రాధాన్యాలు మారాయి అని ఎంతో మంచి ఉత్తరం రాశారు. నిజంగా మారాయో, ఆ ట్రస్టీ చెవిలో ఎవరైనా ఏమైనా వేశారో తెలుసుకునే దారి లేదు. ఆఫీసర్‌ని అడిగితే, "నా చేతిలో ఉన్నది నేను చేశాను" అంది. ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూస్తుంటాను.

మా తెలుగువాళ్లలో ఒక మాట పాకింది. వాళ్లు కాపురాలు విడగొడతారట అని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. దీపావళికి మా స్టాల్ దగ్గర కొనేవాళ్లు తగ్గారు. ఎప్పుడూ రెండు డబ్బాలు కొనే ఒకావిడ పలకరించకుండా పక్క స్టాల్‌కు వెళ్లిపోయింది. మళ్లీ ఇంకో చిన్న ఫౌండేషన్‌కు రాశాం, అది వచ్చింది. ఇప్పుడు బోర్డులో కొత్తగా చేరేవాళ్లతో ఆ సంబంధాల కాగితాన్ని నేను పక్కన కూర్చుని పైకి చదివిస్తాను. కొందరికి కోపం వస్తుంది. ఒకాయన "మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు" అని లేచి వెళ్లిపోయాడు. పోనిచ్చాను.

చేమంతి మొగుడు టెక్సాస్‌లో ప్రాజెక్టుకు వెళ్లాడని లాయరు చెప్పాడు. ఎవరు పంపారో, ఆమెకు దూరంగా ఉంచడానికి పంపారో, కోర్టుకు దూరంగా ఉంచడానికి పంపారో తెలియదు. రెండు వాయిదాలకు రాలేదు. పాప తల్లి దగ్గరే ఉండాలని కోర్టు చెప్పింది. వీసా సంగతి లాయరు చూస్తున్నాడు. చేమంతి ఒక డేకేర్‌లో పనిచేస్తోంది. పండగలకు ఫోన్ చేస్తుంది. ఏ నంబరు నుంచి చేస్తుందో చెప్పదు, నేనూ అడగను.

మొన్న వేసవిలో ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర కన్సల్టెన్సీ ఆయన కనిపించాడు. జుట్టు కాస్త నెరిసింది. బండిలో మామిడికాయలు ఉన్నాయి. నన్ను చూసి ఆగాడు.

"బాగున్నావామ్మా? అక్క ఎలా ఉంది?"

"బాగుందండీ."

ఒక మామిడికాయ చేతిలోకి తీసుకుని నొక్కి చూసి పెట్టేశాడు. గొంతు తగ్గించి, "ఆ అమ్మాయి, పాప, బాగున్నారా?" అన్నాడు. చాలా మెత్తగా అడిగాడు. కళ్లలో నీళ్లున్నట్టే అనిపించింది.

"ఏ అమ్మాయండీ?" అన్నాను.

కాసేపు నన్నే చూశాడు. తర్వాత తలూపి, "మంచిదమ్మా" అని బండి తోసుకుంటూ బిల్లింగ్ వైపు వెళ్లాడు. నేను కొనాల్సినవి కొనుక్కుని, కారులో కూర్చుని, ఆయన కారు పార్కింగ్ దాటి వెళ్లేదాకా ఆగి, ఆ తర్వాత బయల్దేరాను.